ఆప్షన్ పెట్టే ముందు హాస్టల్ కూడా చూసి రండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో పిడుగురాళ్లలో ఏ నెట్ సెంటర్‌కు వెళ్ళినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. సున్నపు బట్టీలో ఆ పూట పని మానుకుని వచ్చిన తండ్రి. సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి. అర్ధరాత్రి దాకా ఫోనులో కాలేజీల వీడియోలు చూసి వచ్చిన కూతురు. కంప్యూటరు ముందున్న కుర్రాడు ర్యాంకు అడుగుతాడు, బ్రాంచి అడుగుతాడు, తనకు తెలిసిన కాలేజీ కోడ్లు వరసగా కొట్టేస్తాడు. "మంచి కాలేజీయేనా బాబూ?" అని తల్లి అడుగుతుంది. "ప్లేస్‌మెంట్లు బాగుంటాయమ్మా, బిల్డింగులు పెద్దవి" అని జవాబు వస్తుంది. పావుగంటలో నాలుగేళ్ళ జీవితం ఖరారైపోతుంది.

ఆ పావుగంటలో ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. హాస్టల్లో గదులు ఎలా కేటాయిస్తారు? మెస్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చుని తింటారు? ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బు ఆలస్యమైతే పరీక్ష రాయనిస్తారా? మన పిల్లకు అవమానం జరిగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వెళ్తే వింటారా?

మేము ఈ పల్నాడు పల్లెల నుంచే వెళ్ళి విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మేము చేరేటప్పుడు కూడా ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు. చేరిన తర్వాత ఒక్కొక్కటీ మా నెత్తినే పడ్డాయి. తర్వాత వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అలా జరగకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాం. చెప్పదలచింది ఒక్కటే: క్యాంపస్ వాతావరణం అనేది డబ్బున్న పిల్లల సరదా విషయం కాదు. దళిత విద్యార్థి చదువు పూర్తిచేస్తాడా, మధ్యలో వదిలేసి ఇంటికొస్తాడా అన్నది చాలాసార్లు దానిమీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి ర్యాంకు, బ్రాంచి చూసినంత శ్రద్ధగా దాన్నీ ముందే చూసుకోవాలి.

సీటు వచ్చాక ఏం జరుగుతోంది

గుంటూరులో పెరిగిన రోహిత్ వేముల డిగ్రీ చదివింది గుంటూరు హిందూ కళాశాలలో. అక్కడి నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. చదువులో ఎక్కడా వెనకబడలేదు. సీటూ వచ్చింది, ఫెలోషిప్పూ వచ్చింది. అయినా ఆ ఫెలోషిప్పు డబ్బు నెలల తరబడి చేతికి అందలేదు. మరో నలుగురు దళిత విద్యార్థులతో కలిపి హాస్టల్ నుంచి బహిష్కరించారు. ఆ ఐదుగురూ క్యాంపస్‌లోనే ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా కదిలింది. అయితే ఆ కథలో మన తల్లిదండ్రులు గమనించాల్సిన మామూలు విషయం ఒకటుంది. అతని చేతి నుంచి లాక్కున్నవి పాఠాలు కావు. ఉండటానికి గది, నెల గడవటానికి డబ్బు, తోటివాళ్ళతో కలిసి తిరిగే చోటు.

అంతకుముందు 2008లో అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడులో పందుల పెంపకంపై బతికే కులంలో పుట్టి పీహెచ్‌డీ దాకా వచ్చిన విద్యార్థి అతను. చేరి నెలలు గడిచినా అతనికి పరిశోధన పర్యవేక్షకుణ్ణి కేటాయించలేదు. గైడు లేని పీహెచ్‌డీ అంటే మేస్త్రీ లేని గోడ. ఆ బాధ ఎలాంటిదో పరిశోధన విద్యార్థులుగా మాకు తెలుసు.

ఇవి ఒకటి రెండు సంఘటనలు మాత్రమే అనుకోవద్దు. 2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ లోక్‌సభకు ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకుముందు ఐదేళ్ళలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలో వెళ్ళిపోయారు. వాళ్ళలో ఎస్సీలు కేంద్ర విశ్వవిద్యాలయాల్లో 2,424 మంది, ఐఐటీల్లో 1,068 మంది, ఐఐఎంలలో 188 మంది. మొత్తం 3,680 మంది. విద్యార్థులు వేరే కోర్సులకూ వేరే సంస్థలకూ మారడం వల్ల ఇలా జరుగుతుందని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ అంత కష్టపడి సీటు తెచ్చుకున్న పిల్లలు ఎందుకు వదిలారో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగినవాళ్ళు ఎవరు?

అంబేడ్కర్ జీవితమే ఒక పాఠం

ఉండే చోటు మనిషి చదువునూ పనినీ ఎంత మార్చేస్తుందో బాబాసాహెబ్ జీవితం కంటే గట్టిగా చెప్పేది లేదు. 1913లో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి విద్యార్థి వసతి గృహాల్లో తోటివాళ్ళతో కలిసి ఉన్నారు, తిన్నారు. లైబ్రరీలో గంటల తరబడి కూర్చున్నారు. ఆయన మేధస్సు విచ్చుకున్నది అక్కడే. అదే మనిషి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఊళ్ళో అద్దె ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే కులం తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. విదేశీ చదువుతో వచ్చిన మనిషి తలదాచుకునే చోటు లేక ఆ ఉద్యోగం వదిలి బొంబాయికి తిరిగిపోయారు.

మనిషి మారలేదు, మేధస్సు మారలేదు. చుట్టూ ఉన్న వాతావరణం మారింది.

ఆ అనుభవం ఉన్నందువల్లే కావచ్చు, ఆయన సామాజిక పని మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే హాస్టళ్ళ గురించి ఆలోచించారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడాది షోలాపూర్‌లో అంటరాని కులాల విద్యార్థులకు వసతి గృహం తెరిచారు. బడి ఎంత ముఖ్యమో, బడికి వెళ్ళే పిల్లవాడు రాత్రి భయం లేకుండా పడుకునే చోటూ అంతే ముఖ్యమని ఆ పని చెబుతుంది.

ర్యాంకింగులో ఇది కనిపించదు

కాలేజీవాళ్ళు బ్రోచర్ల మీద, బస్సుల వెనక రాయించుకునే రెండు మాటలు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు, న్యాక్ గ్రేడు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ తొలి జాబితా 2016లో వచ్చింది. ఐదు అంశాల మీద మార్కులు వేస్తారు: బోధన, పరిశోధన, విద్యార్థుల ఫలితాలు, అందరినీ కలుపుకుపోవడం, జనంలో ఉన్న పేరు. ఇంజనీరింగ్ కాలేజీల లెక్కలో కలుపుకుపోవడం అనే అంశానికి వంద మార్కుల్లో పది. ఆ పదిలోనే ఆడపిల్లల సంఖ్య, ఇతర రాష్ట్రాలవాళ్ళ సంఖ్య, వెనకబడిన వర్గాల విద్యార్థుల సంఖ్య, వికలాంగులకు సదుపాయాలు అన్నీ సర్దాలి. అందులోనూ లెక్కపెట్టేది ఎక్కువగా తలల్ని. ఆ తలలు ఎత్తుకుని తిరుగుతున్నాయా, దించుకుని తిరుగుతున్నాయా అన్నది ఆ లెక్కకు అందదు.

అయినా ఆ కాగితాలు మనకు పూర్తిగా పనికిరానివి కావు. న్యాక్‌కు కాలేజీ ఇచ్చే స్వీయ అధ్యయన నివేదిక సాధారణంగా ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో రిజర్వుడు సీట్లు ఏటా ఎన్ని ఉన్నాయి, ఎన్ని నిండాయి అన్న పట్టిక వెతకండి. సీట్లు ఉండి కూడా ఏటా నిండకపోతే ఎందుకని అడగాల్సిందే. ప్రభుత్వ కాలేజీ, విశ్వవిద్యాలయం అయితే చేరినవాళ్ళెందరు, పూర్తిచేసినవాళ్ళెందరు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. వెబ్ ఆప్షన్ల సమయానికి జవాబు రావాలంటే ఇంటర్ రెండో సంవత్సరం నడుస్తుండగానే దరఖాస్తు పెట్టాలి.

ఏమేం చూడాలి

*గది, మెస్.* 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక హాస్టల్లో కొన్ని అంతస్తులకే చేరిపోయి విడిగా బతుకుతున్నారని ఆ కమిటీ నివేదిక చెప్పింది. గది తలుపు మీద ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా ఊళ్ళోని గీత అక్కడా గీసేశారు. అందుకే హాస్టల్‌కు వెళ్ళినప్పుడు గదులు దేన్నిబట్టి ఇస్తారో అడగండి. చేరిన వరస ప్రకారమా, చీటీలు తీసా, బ్రాంచిని బట్టా? "ఎవరికి ఎవరితో నప్పితే వాళ్ళతో వేస్తాం" అని వార్డెన్ అంటే ఆ నప్పడం అనే మాట వెనక ఏముందో మన ఊళ్ళవాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు.

*చుట్టూ ఉన్న ఊరు.* సొంత హాస్టల్ లేని కాలేజీలు చాలా ఉన్నాయి. హాస్టల్ ఉన్నా ఆ ఫీజు భరించలేక బయట గది తీసుకునేవాళ్ళు మనలో ఎక్కువ. అప్పుడు కాలేజీ ఒక్కటే మంచిదైతే సరిపోదు, ఊరూ మంచిదవ్వాలి. గది అడగటానికి వెళ్తే ముందు ఊరి పేరు, తర్వాత ఇంటి పేరు, చివరికి "మీరేమిట్లు?" అన్న ప్రశ్న. మాలో కొందరికి గది ఖాళీగా ఉందన్న బోర్డు కింద నిలబడే ఖాళీ లేదన్న జవాబు విన్న అనుభవం ఉంది. బహిరంగ చోట్లు మనకు ఎంత ప్రమాదకరం కాగలవో మన జిల్లాలే చూశాయి. 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన ఘటన వెనక ఉన్నది సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు పక్కవాడికి తగిలిందన్న గొడవ. ఇప్పుడు కాలం మారిందంటారు. నిజంగా మారిందో లేదో ఆ ఊరి మాల మాదిగ పల్లెల్లో ఒకసారి అడిగి చూడండి. కాలేజీ చుట్టుపక్కల పరిస్థితి వాళ్ళకు తెలిసినంతగా ఏ కౌన్సెలర్‌కూ తెలియదు.

కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీలూ చూడండి. ఫ్రెషర్స్ డేకి, హీరో పుట్టినరోజుకి, నాయకుడి జయంతికి ఎవరి ఫొటోలు వేస్తారు, కింద ఎవరి పేర్లు ఉంటాయి? విద్యార్థులు కులాలవారీగా గుంపులు కట్టే చోట ఆ సంగతి ముందు ఫ్లెక్సీ మీదే తెలిసిపోతుంది.

*ప్రయాణం.* పిడుగురాళ్ల నుంచి గుంటూరుకు బస్సులో దాదాపు రెండు గంటలు. నాగార్జున విశ్వవిద్యాలయం గుంటూరు దాటాక ఉంది. నరసరావుపేట దగ్గరే, అక్కడ కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల కూడా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆడపిల్లల చదువుకు ఇది నిజంగా పెద్ద ఆసరా. అయితే టికెట్ ఖర్చు తగ్గినా గంటలు తగ్గవు. తెల్లవారి ఆరింటికి ఇల్లు వదిలి రాత్రి ఏడింటికి తిరిగొచ్చే పిల్ల ఎప్పుడు చదువుతుంది? ఇంకో సంగతి కూడా ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతల కాలం. రెండో సెమిస్టరు నడిచేదీ అప్పుడే. ఇంట్లో ఉన్న పిల్ల కోతకు పోకుండా ఉండలేదు, అమ్మ వద్దన్నా సరే. ఇంటి నుంచి వెళ్ళి చదవడం చవక అనుకునే ముందు ఈ గంటల్నీ ఈ కూలి రోజుల్నీ కూడా లెక్కలో వేయండి.

*డబ్బు.* ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు మించకూడదు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. మన రాష్ట్రంలో ఫీజు డబ్బు ఒకప్పుడు కాలేజీ ఖాతాకు పోయింది, తర్వాత తల్లి ఖాతాకు వచ్చింది, ప్రభుత్వం మారాక పద్ధతి మళ్ళీ మారింది. పద్ధతి ఏదైనా ఆలస్యం మాత్రం మామూలైపోయింది. ఆ ఆలస్యంలో కాలేజీ ఎలా నడుచుకుంటుంది అన్నదే అసలు పరీక్ష. ఫీజు బకాయి ఉందని హాల్ టికెట్ ఆపుతారా? క్లాసులో పేరు చదివి నిలబెడతారా? సర్టిఫికెట్లు ఇవ్వమంటారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. పీజీకి వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది. అన్న చదివినప్పుడు వచ్చింది కదా అని చెల్లిని చేర్పించి చిక్కుల్లో పడిన ఇళ్ళు మాకు తెలుసు. చేరే సంవత్సరం నిబంధన ఏమిటో సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. కాలేజీ పీఆర్‌వో మాట మీద ఆధారపడొద్దు. ఆ పట్టణంలో సాంఘిక సంక్షేమ కాలేజీ హాస్టల్ ఉందా, అందులో ఖాళీలు ఉంటాయా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

*మనుషులు.* మన పల్లెల నుంచి వెళ్ళిన సీనియర్లు ఆ కాలేజీలో ఉన్నారా? బోధన సిబ్బందిలో మనవాళ్ళెవరైనా ఉన్నారా? ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి ఎవరు చేస్తారు, యాజమాన్యం చేయనిస్తుందా? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో పుట్టింది. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఫారం నింపడం నుంచి, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం దాకా ఇలాంటి సంఘాల్లోని అన్నలూ అక్కలే చూసుకుంటారు. ఇంటర్ దాకా తెలుగులో ఆలోచించిన పిల్లకు ఇంగ్లిషు క్లాసులో మొదటి సెమిస్టరు గట్టెక్కించేది కూడా చాలాసార్లు రాత్రిపూట పాఠం చెప్పే ఒక సీనియరే. అలాంటివాళ్ళు ఒక్కరున్నా ఆ క్యాంపస్ విలువ పెరుగుతుంది.

*ఫిర్యాదు.* 2012లో యూజీసీ ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. క్లాసులో, హాస్టల్లో, మెస్‌లో, ఆటస్థలంలో కులం పేరుతో వేరుచేయడం నిషిద్ధం. ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. కాగితం మీద ఉన్నది కాలేజీల్లో అమలు కావడం లేదని 2019లో రోహిత్ తల్లి రాధికా వేముల, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబేదా తడ్వీ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. అందుకే కాలేజీలో ఈ ప్రశ్న సూటిగా అడగండి: "వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఎవరండీ? ఆయన గది ఎక్కడ?" పేరు, గది నంబరు వెంటనే చెప్పగలిగితే ఒక లెక్క. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఇంకో లెక్క.

ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. అయినా 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని రిషితేశ్వరి మరణం తర్వాతే రాష్ట్రమంతా దాని గురించి మాట్లాడింది. ఆడపిల్లల్ని పంపేవాళ్ళు లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో, వార్డెన్ రాత్రిపూట హాస్టల్లోనే ఉంటారో లేదో తప్పక కనుక్కోవాలి.

ఒక రోజు కూలి పోతుంది, పోనివ్వండి

ఇవన్నీ తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆప్షన్లలో మొదటి రెండు మూడు కాలేజీలకు ఒక్కొక్క రోజు వెళ్ళి రావాలి. కాలేజీ నడిచే రోజే వెళ్ళండి. సెలవు రోజు వెళ్తే చెట్లూ భవనాలే కనిపిస్తాయి. పిల్లనూ వెంట తీసుకెళ్ళండి, నాలుగేళ్ళు ఉండాల్సింది ఆమే. ముందు ఆఫీసుకు వెళ్తే మిమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి బ్రోచరు చేతిలో పెడతారు. కాబట్టి ముందు క్యాంటీన్‌కు వెళ్ళండి, మధ్యాహ్నం వేళ మెస్ దగ్గర కాసేపు నిలబడండి. హాస్టల్ వంటవాళ్ళు, ఊడ్చే ఆయమ్మలు, సెక్యూరిటీ అన్నలు చాలాచోట్ల మనవాళ్ళే. "మన పిల్లలు ఇక్కడ ఎట్లా ఉంటున్నారమ్మా?" అని అడిగితే ఏ వెబ్‌సైటూ చెప్పని నిజం చెబుతారు. కాలేజీ వదిలేసినవాళ్ళెవరైనా తెలిస్తే వాళ్ళతోనూ మాట్లాడండి. చదువుతున్నవాళ్ళు భయపడి దాచేది వాళ్ళు దాచరు.

వెళ్ళడం కుదరకపోతే ఫోనులోనైనా కనీసం ఇద్దరితో మాట్లాడాలి. ఒకరు హాస్టల్లో ఉండేవాళ్ళు, ఒకరు బయట గదిలో ఉండేవాళ్ళు. ఒకరే చెబితే అది వాళ్ళ ఒక్కరి అనుభవం కావచ్చు.

బేరీజు ఎలా వేయాలి

ఇన్ని ప్రశ్నలకూ మంచి జవాబు వచ్చే కాలేజీ దొరుకుతుందా? దొరకదు. కాబట్టి ఏది లేకపోతే మన పిల్ల నిలబడలేదో ముందు తేల్చుకోవాలి. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న పిల్లకు ప్రయాణమే పెద్ద విషయం. తండ్రి లేని ఇంటి పిల్లవాడికి ఫీజు ఆలస్యమైనా ఓర్చుకునే కాలేజీ ముఖ్యం. ఎప్పుడూ ఇల్లు వదలని పిల్లకు తెలిసిన సీనియర్ ఒకరుండటం ముఖ్యం. రెండు కాలేజీల మధ్య ర్యాంకు తేడా కొద్దిగానే ఉంటే, మన పిల్ల తలెత్తుకుని తిరగగలిగే కాలేజీనే పైన పెట్టండి.

మేము ఈ మాట చెప్పినప్పుడల్లా ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీస్తుంటారు. "మనవాళ్ళకు ఇబ్బంది ఉన్న చోటికి పోవద్దంటే మంచి కాలేజీలన్నీ వాళ్ళకే వదిలేసినట్టు కాదా? ఆ సీట్ల కోసం కదా మేం కొట్లాడింది" అని. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. పెద్ద చదువుల చోట్లే వివక్ష ఎక్కువగా బయటపడుతున్న మాట నిజం. అందుకని అక్కడికి వెళ్ళడం మానేస్తే వివక్ష చేసేవాళ్ళు కోరుకున్నదే జరిగినట్టు. పిడుగురాళ్ల స్టేషన్‌లో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చదువులకు వెళ్ళే ప్రతి దళిత విద్యార్థీ వెళ్ళాల్సిందే. మేము చెప్పేది వెళ్ళొద్దని కాదు. కళ్ళు మూసుకుని, ఒంటరిగా వెళ్ళొద్దని. ఏం ఎదురవుతుందో తెలిసి వెళ్ళిన పిల్ల, అవమానం జరిగిన రోజు "తప్పు నాదేనేమో" అని కుమిలిపోదు. ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు తెలిసి ఉంటుంది.

అందుకే బస్సెక్కించే ముందు మూడు నంబర్లు ఆమె ఫోనులోనూ, పుస్తకం అట్ట వెనకా రాయించండి. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులకు 14566. మనసు బాగోలేనప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ 14416. వీటికంటే ముందు ఇంకో మాట చెప్పి పంపండి: "ఏం జరిగినా ఇంటికి ఫోన్ చెయ్. నిన్ను తిట్టం." మాలో చాలామంది ఇంట్లోవాళ్ళు బాధపడతారని, ఫీజుకు పడిన కష్టం గుర్తొచ్చి, చెప్పాల్సినవి చెప్పలేదు. ఆ మౌనం ఎంత బరువో మోసినవాళ్ళకే తెలుస్తుంది.

చివరిగా ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. క్యాంపస్‌లో గౌరవంగా బతకనివ్వడం కాలేజీ బాధ్యత, ప్రభుత్వ బాధ్యత. మంచి హాస్టల్ ఏదో వెతుక్కోవాల్సిన భారం బట్టీ కూలీ మీద, మిరపకోత కూలీ మీద పడటమే అన్యాయం. ఆ అన్యాయం పోయేదాకా పోరాడుతూనే ఉందాం. ఈలోగా ఈ ఏడాది చేరబోయే పిల్లల్ని కాపాడుకోవాలి. మీ పల్లె నుంచి ఏ కాలేజీకి ఎవరు వెళ్ళారు, ఎవరి ఫోన్ నంబరు ఏమిటి, అక్కడ ఎలా ఉంది అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి అంబేడ్కర్ యువజన సంఘం గదిలోనో, చర్చిలోనో, లైబ్రరీలోనో పెట్టండి. వచ్చే ఏడాది నెట్ సెంటర్‌కు వెళ్ళే తల్లి ముందు ఆ పుస్తకం తెరిచి చూసుకుని వెళ్తుంది.

జై భీమ్.